గీజరు షవరులో నీరు సన్నగా వస్తున్నదా?

డిసెంబరు ప్రవేశించగానే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు గ్రామాల్లో తెల్లవారుజాము చలి ఎముకలు కొరికేస్తుంది. ఫజ్ర్ నమాజుకు ముందు గుసుల్ చేయవలసిన వారికి, ఇంట్లోని వృద్ధులకు వేడినీరు సౌఖ్యం మాత్రమే కాదు, అవసరం కూడా. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో గీజరు, దానికి అనుబంధంగా షవరు కనిపిస్తున్నాయి. వాటితోపాటే ఒక ఫిర్యాదు కూడా వినిపిస్తున్నది: నీరు దారంలా సన్నగా వస్తున్నదని. వెంటనే గీజరు పాడయిందని నిర్ణయించుకుని కొత్తది కొనేవారున్నారు. మూత విప్పి లోపల చేయి పెట్టేవారూ ఉన్నారు. మొదటి దానిలో ధననష్టం ఉంది, రెండవ దానిలో ప్రాణాపాయం ఉంది. నిజానికి గీజరును తాకకుండానే లోపం ఎక్కడ ఉందో చాలావరకు గుర్తించవచ్చు.

దీనికి ఒక బకెట్టు, చేతి గడియారం చాలు. షవరును పక్కన పెట్టి, కింది కుళాయిలో మొదట చన్నీటిని పూర్తిగా తిప్పి, బకెట్టు నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. తర్వాత వేడినీటిని అలాగే చూడండి. రెండూ బాగా వచ్చి షవరులో మాత్రమే సన్నగా వస్తే లోపం షవరుదే. రెండూ మందంగా వస్తే ట్యాంకు వైపు చూడాలి. చన్నీరు జోరుగా వచ్చి వేడినీరు మాత్రమే తగ్గితే అప్పుడు గీజరు సంగతి ఆలోచించాలి.

షవరు లోపం అన్నిటికంటె సులభమైనది. మన ప్రాంతంలో బోరునీరు పలుచోట్ల గట్టినీరు. వేడి తగిలినప్పుడు అందులోని సున్నం విడివడి గట్టి పొరగా పేరుకుంటుంది, షవరు రంధ్రాలను మూసివేస్తుంది. షవరును మరలు తిప్పి విప్పి, తెల్ల వెనిగరు కలిపిన నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, పాత పళ్లకుంచెతో రుద్దితే రంధ్రాలు తెరుచుకుంటాయి. తిరిగి బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం మరువకండి.

రెండు నీళ్లూ మందంగా వచ్చే ఇళ్లలో అసలు కారణం తరచుగా ట్యాంకు ఎత్తే. నీటి మట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి లభిస్తుంది. మన ఇళ్లలో ట్యాంకును స్లాబు మీదనే ఆనించి పెడతారు. షవరు నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక మిగిలే తేడా మీటరో, మీటరున్నరో. అంటే ఒక బార్‌లో పదో వంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. దుకాణంలో మెరిసే వెడల్పాటి షవరుకు ఈ ఒత్తిడి ఏమాత్రం చాలదు. అది మోసమని నేను అనను గాని, అమ్మేవారు ట్యాంకు ఎత్తు అడిగి అమ్మితే బాగుండేది. ట్యాంకును ఇటుక దిమ్మె మీద గాని, ఇనుప స్టాండు మీద గాని రెండు మీటర్లు లేపితే ఒత్తిడి రెట్టింపు దాటుతుంది. నిండు ట్యాంకు బరువు మోయగల గోడల మీదనే ఆ దిమ్మె రావాలి. పై అంతస్తు లేని ఇంటికి పంపు పెట్టించుకోవడం కంటె ఇదే మేలు. పంపు తప్పనిసరి అయితే, గీజరు పేరుపలక మీద రాసి ఉన్న ఒత్తిడి పరిమితిని ప్లంబరుకు ముందే చూపండి.

ట్యాంకు దగ్గరే గేటువాల్వు సగం మూసి ఉండటం, పైపు పైకెక్కి కిందికి దిగిన చోట గాలి చిక్కుకుని ఉండటం కూడా జరుగుతుంది. సంపు కడిగిన తరువాత, ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయిన తరువాత మొదలైన మందగమనానికి గాలియే కారణమని అనుమానించవచ్చు.

వేడినీరు మాత్రమే తగ్గితే, గీజరులోకి నీరు వెళ్లే చోట ఉండే చిన్న జాలీని, కనెక్షన్ పైపులను ప్లంబరు చేత విప్పించి చూడండి. ఇసుక, తుప్పు అక్కడే ఆగుతాయి. ఎంతోకాలంగా వాడుతున్న గీజరైతే లోపల సున్నం పేరుకుని ఉంటుంది. దానిని కంపెనీ మెకానిక్కే శుభ్రం చేయాలి.

ఇన్‌స్టంట్ గీజరు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. మూడు కిలోవాట్ల గీజరు నిమిషానికి రెండు లీటర్ల నీటిని సుమారు 21 డిగ్రీలు మాత్రమే వేడెక్కించగలదు. నాలుగు లీటర్లు పోనిస్తే అందులో సగం వేడి. వోల్టేజి 230 నుంచి 180కి పడిపోతే దాని శక్తి 1.8 కిలోవాట్లకు దిగుతుంది. వోల్టేజి తక్కువగా ఉండే ఊళ్లలో వేడి చాలక మనమే కుళాయిని కొద్ది కొద్దిగా మూస్తూ వస్తాం, చివరికి నీరు రావడం లేదంటాం! అక్కడ లోపమేమీ లేదు. పదిహేను లీటర్ల నిల్వ గీజరయితే ముందే వేడిచేసి ఉంచుతుంది. 60 డిగ్రీల నీరు 20 డిగ్రీల చన్నీటితో కలిస్తే దాదాపు 30 లీటర్ల గోరువెచ్చని నీరవుతుంది. పెద్ద కుటుంబానికి అదే అనుకూలం.

మరమ్మతు పూర్తయ్యేదాకా ఆ నీటినే బకెట్టులోకి పట్టుకోండి. మహాప్రవక్త (స) ఒక సా నుంచి ఐదు ముద్‌ల నీటితో గుసుల్ చేసేవారని హదీసుల్లో ఉంది. అది సుమారు మూడు లీటర్లు. షవరు కోసం నమాజు వేళ దాటిపోనవసరం లేదు.

ఇక విద్యుత్తు విషయంలో రాజీ పడకండి. ఏది విప్పే ముందైనా స్నానాల గది స్విచ్చును కాదు, బోర్డులోని ఎంసీబీని దించండి. వైరింగు తారుమారయి ఉంటే స్విచ్చు ఆపినా గీజరులో కరెంటు ఉండవచ్చు. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో గీజరు వాడకూడదు. నీటిని తాకినప్పుడు చేతికి చిన్న జివ్వుమనిపించినా వెంటనే వాడకం ఆపండి.

గీజరు పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు చుక్కలు పడటం సహజం. కొందరు దానిని లీకేజీ అనుకుని ఎంసీలు పెట్టి మూస్తారు. దానిని మూసివేస్తే లోపలి ఒత్తిడికి దారి ఉండదు, ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది.

గోదావరి ఒడ్డున ఉండేవారికి ఇంకొక మాట. 2022 జులైలో భద్రాచలం వద్ద నదీమట్టం 71 అడుగులు దాటింది. అంతటి వరదలో మునిగిన సంపులో అడుగున బురద మిగులుతుంది. మోటారు వేయగానే అది ట్యాంకుకు, అక్కడి నుంచి జాలీకి చేరుతుంది. వరద తగ్గాక సంపు, ట్యాంకు కడిగిన తరువాతే గీజరు వాల్వు తెరవండి. గీజరు గాని, దాని స్విచ్చు బోర్డు గాని నీటిలో మునిగి ఉంటే, ఎలక్ట్రీషియను పరీక్షించేదాకా ఎంసీబీని పైకి లేపకండి.