మానిన గాయమే ఊపిరికి అడ్డుపడితే

ధ్యానము కొరకు: 1 రాజులు 19:1-8



వానలు తప్పి, వేరుశనగ ఎండి, అప్పులు మీదపడిన యేట కొందరు రైతులు నిరాశలో పురుగుల మందు త్రాగడం మన అనంతపురము సీమ ఎరిగిన దుఃఖమే. దేవుని దయవలన, వైద్యుల శ్రమవలన వారిలో అనేకులు బ్రతికి ఇల్లు చేరుతున్నారు. అయితే ఇల్లు చేరిన కొన్ని వారములకో నెలలకో వారిలో కొందరికి అరుదుగా ఒక జబ్బు వస్తుంది. శ్వాసనాళము లోపల మచ్చ కట్టి, దారి ఇరుకైపోతుంది.

ఆ మందు ఊపిరి తీసే కండరాలను చచ్చుబరుస్తుంది. అందుచేత గొంతులోనికి గొట్టము వేసి, వెంటిలేటరుతో రోజుల తరబడి ఊపిరి ఇస్తారు. ప్రాణము నిలిపేది ఆ గొట్టమే. గాలి ప్రక్కలకు పోకుండా దాని చివర చిన్న గాలిబుడగ ఉంటుంది. బుడగ ఒత్తిడి ఎక్కువైతే నాళపు గోడలోని సన్నని రక్తనాళాలు నలిగి, లోపలి పొరకు రక్తము అందక పుండు పడుతుంది. 1969లో అమెరికా వైద్యులు కూపర్, గ్రిల్లో ఈ సంగతిని పరిశోధించి చూపారు. తరువాత ఒత్తిడి తక్కువగా ఉండే బుడగలు వచ్చాయి. బాధ తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

పుండు మాన్పడానికి దేవుడు మన శరీరములోనే పనివారిని ఉంచాడు. మొదట కొన్ని కణాలు వచ్చి చచ్చిన పొరను తినివేస్తాయి. అవి టి.జి.ఎఫ్. బీటా అనే పదార్థముతో కబురు పంపుతాయి. అప్పుడు ఫైబ్రోబ్లాస్టులనే కణాలు దిగి, కొల్లాజెన్ అనే గట్టి నారను అల్లుతాయి. వాటిలో కొన్ని కండరమువలె బిగుసుకొని గాయపు అంచులను దగ్గరకు లాగుతాయి. పని ముగిశాక అవి తమంతట తామే అంతరించాలి. కాని వాపు ఆరకపోతే కబురు ఆగదు, పనివారు వెళ్లరు. బావికి ఒర కట్టవచ్చిన మేస్త్రీలు ఆపకుండా లోపలికే కడుతూ పోతే బావి ఏమవుతుంది? ఇక్కడ జరిగేదీ అదే.

బిందె మోసినా, మిట్ట ఎక్కినా ఆయాసము వస్తుంది. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కూత వినబడుతుంది. చూచినవారు ఉబ్బసమనుకుంటారు. ఉబ్బసములో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి, మందు పీలిస్తే తగ్గుతాయి. ఇది ఆ మందుకు తగ్గదు. గొట్టము వేసిన సంగతి తెలిసిన వైద్యుడు గొంతులోనికి దుర్భిణీ వేసి, స్కాన్ తీయించి చూస్తాడు. బుడగతో దారి వెడల్పు చేయడమో, మచ్చ పట్టిన ముక్క తీసి నాళమును కలిపి కుట్టడమో చేస్తారు.

కాని ఆ సంగతి చెప్పేదెవరు? పరువు పోతుందని, పోలీసు కేసు అవుతుందని ఇంటివారు దాస్తారు. ప్రియులారా, ఆ దాచిన మాటే ఊపిరిని తీసివేయవచ్చు. అట్టివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి, వారిని శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతున్నది. చట్టము చూపిన కనికరము సంఘము చూపకపోతే ఎలా?

బదరీవృక్షము క్రింద ఏలీయా చావు కోరుకున్నాడు. దేవదూత అతనిని నిందించలేదు. తట్టి లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మరల రెండవసారి వచ్చి, ముందున్న దూర ప్రయాణమును గుర్తుచేశాడు.

కాబట్టి ఆసుపత్రి చీటీలు భద్రపరచండి. ఏ వైద్యుని యొద్దకు వెళ్లినా, ఏ కారణముచేతనైనా గొట్టము వేసియుంటే మొదట ఆ మాట చెప్పండి. కూర్చున్నప్పుడు కూడా ఊపిరిలో కూత వస్తుంటే తెల్లవారేవరకు ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మనస్సు క్రుంగినవారు 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వము నడిపే ఉచిత టెలీ మానస్ సేవ. మీ వీధిలో అట్టి ఇల్లు ఉంటే ప్రశ్నలతో కాదు, రొట్టెతో వెళ్లండి.

జీవవాయువును ఊదిన దేవుడు మన ప్రతి ఊపిరిని కాపాడును గాక. ఆమేన్.