‘బాత్రూంలో జారిపడ్డాను’ అంటే డాక్టరు ఊరుకోవాలా?

క్యాజువాలిటీలో పనిచేసిన ఏ డాక్టరుకైనా ఈ మాట కొత్త కాదు. రాత్రి పదకొండు దాటాక ఓ ఇల్లాలు వస్తుంది. ముంజేతి మీద వాపు, కంటి కింద నలుపు. పక్కన భర్తో అత్తగారో ఉంటారు. ‘ఏమైందమ్మా?’ అని అడిగితే ఆమె నోరు తెరిచేలోపే పక్కవాళ్లు జవాబు చెబుతారు. ‘బాత్రూంలో జారిపడిందండీ’ అంటారు. ఆమె తలూపుతుంది. డాక్టరు అదే మాట ఓపీ చీటీ మీద రాసేస్తాడు. ఎక్స్‌రే, కట్టు, నొప్పి మాత్రలు. పావుగంటలో అంతా అయిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ అలాగే రాశాను. ఒకే మనిషికి మూడుసార్లు రాశాను. జారిపడేవాళ్లు సాధారణంగా అరచేయి నేలకు ఆనిస్తారు కాబట్టి మణికట్టు దెబ్బతింటుంది. ఆమెకు దెబ్బ తగిలింది ముంజేతి బయటివైపు. మీదకొచ్చే దెబ్బను కాచుకోవడానికి చెయ్యి అడ్డుపెడితే తగిలే చోటు అది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అడిగితే ఆ తర్వాత ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆమె తండ్రి పాత చీటీల నకళ్ల కోసం వచ్చాడు. లాయరు తెమ్మన్నాడట. మూడింటి మీదా నా దస్తూరీతో ఒకటే మాట... జారిపడింది. ఆమె భర్తకు అంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి? ఆ కాగితాలు చేతికిచ్చేటప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

గృహ హింస అనగానే మనకు పోలీసు స్టేషను, కోర్టు గుర్తొస్తాయి. కానీ అది ముందుగా ఆరోగ్య సమస్య. స్టేషను గడప తొక్కడానికి భయపడే మనిషి కూడా నొప్పి భరించలేక ఆసుపత్రికి వస్తుంది. చట్టం ఇచ్చే రక్షణకు మొదటి తలుపు అక్కడే ఉంది. దాన్ని మనమే మూసిపెడుతున్నాం.

చెప్పుకోనివాళ్లే ఎక్కువ

2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద ఇది 29 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలూ దేశ సగటుకు పైనే ఉన్నాయి. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదన్న మహిళలే ఇక్కడ వందకు 84 మంది. ఇక హింసకు గురైనవాళ్లలో సాయం కోరింది దేశవ్యాప్తంగా 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగనూ లేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు.

ఇది తాగొచ్చి కొట్టే ఇళ్ల వ్యవహారమని, చదువుకున్న ఇళ్లలో ఉండదని అనుకోవడం పొరపాటు. గేటెడ్ కమ్యూనిటీలో ఇది తలుపులు వేసుకుని జరుగుతుంది. అంతే తేడా. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు లాక్కోవడం, పెళ్లిలో పెట్టిన బంగారం అత్తగారి లాకరులో పెట్టి తాళం ఇవ్వకపోవడం, ఫోన్ రోజూ తనిఖీ చేయడం, ఆడపిల్ల పుట్టిందని దెప్పడం... వీటిని మనం ‘సంసారంలో చిన్న చిన్న గొడవలు’ అంటాం. చట్టం మాత్రం మాటలతో, మనసును గాయపరచడం ద్వారా, డబ్బు విషయంలో పెట్టే బాధలన్నిటినీ హింస కిందే లెక్కగట్టింది.

ఒంటి మీద కనపడని దెబ్బలు

విడవని తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కారణం దొరకని పొత్తికడుపు నొప్పి, గుండె దడ. స్కానింగులన్నీ మామూలుగానే ఉంటాయి. గ్యాస్ మాత్రలు, నిద్ర మాత్రలు మారుతుంటాయి కానీ బాధ తగ్గదు. ఇలా పదే పదే వచ్చే మహిళను ‘ఇంట్లో అంతా బాగానే ఉందా?’ అని ఒక్కమాట అడిగే డాక్టర్లు ఎంతమంది?

రెండు సందర్భాలను అసలు తేలిగ్గా తీసుకోకూడదు. మొదటిది, గర్భిణిపై చేయి చేసుకోవడం. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ముప్పులు దీనివల్ల పెరుగుతాయి. రెండోది, గొంతు నులమడం. పైకి ఒక్క గుర్తు కూడా కనపడకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లోపలి రక్తనాళాలు దెబ్బతింటే గంటల తర్వాత కూడా ప్రాణం మీదకు రావచ్చు. పైగా ఒకసారి గొంతు మీద చేయి వేసినవాడు మరోసారి ప్రాణం తీసే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ‘కోపంలో పట్టుకున్నాడు, వదిలేశాడు కదా’ అని సర్దిచెప్పే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టం డాక్టరుకు ఏం చెప్పింది?

గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులోని 7వ సెక్షను నేరుగా ఆసుపత్రుల గురించే. బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి గానీ కోరితే వైద్యసాయం చేసి తీరాలి. ముందుగా ఫిర్యాదు చేయలేదన్న సాకుతో కాదనడానికి వీల్లేదని నిబంధనలు చెబుతున్నాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, అప్పటికి గృహ హింస నివేదిక నమోదు కాకపోతే ఆసుపత్రే ఆ ఫారం నింపి రక్షణాధికారికి పంపాలి. పరీక్ష నివేదిక నకలును ఆమెకు ఉచితంగా ఇవ్వాలి.

ఈ ఫారం వెళ్లేది రక్షణాధికారికి. ‘పోలీసులొస్తారేమో’ అని వణికిపోయే మహిళకు ఈ తేడా చెబితేనే ధైర్యం వస్తుంది. కానీ చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఆ ఫారాన్ని చూసిన డాక్టర్లు నాకు తెలిసి చాలా తక్కువ. మేం చదువుకున్న రోజుల్లో ఎవరూ నేర్పలేదు. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో అయితే ‘మనకెందుకీ తలనొప్పి’ అన్నదే లోకరీతి.

ఇది చేయలేని పనేం కాదు. ముంబై బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో ‘దిలాసా’ పేరుతో రెండు దశాబ్దాలకు పైగా ఓ కేంద్రం నడుస్తోంది. అనుమానం వచ్చిన కేసును డాక్టరు, నర్సు అక్కడికి పంపుతారు. కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ ఇదే. విను, నిందించకు, నమ్ము, ఆమె క్షేమం చూడు, సాయం అందేచోటికి చేర్చు.

జైలు కోసం కాదు, రక్షణ కోసం

‘కేసు పెడితే కాపురం కూలిపోతుంది’ అన్న భయం మనవాళ్లలో బలంగా ఉంది. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి క్రిమినల్ కేసు. పాత 498ఏ సెక్షను స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షను వచ్చింది. రెండోది గృహ హింస చట్టం. ఇది ముందుగా కోరేది శిక్షను కాదు, ఉపశమనాన్ని. కొట్టొద్దని, ఆమె పనిచేసే చోటుకు వెళ్లొద్దని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఆపవచ్చు, లేదా వేరే ఇంటికి అద్దె ఇప్పించవచ్చు. ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, స్త్రీధనం తిరిగి ఇప్పించడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఆ ఆదేశాలను ధిక్కరిస్తేనే ఏడాది వరకు జైలు లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

‘ఇల్లు మా పేరు మీద ఉంది, నీకేం హక్కు?’ అని అత్తమామలు అనడం మామూలే. ఇల్లు వాళ్ల పేరున ఉన్నా కోడలు కాపురం చేసిన ఇల్లు అయితే అందులో ఉండే హక్కును కోరవచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. పుట్టింటికి వచ్చేసినా ఫరవాలేదు. తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనే దరఖాస్తు చేయవచ్చు. ఈ చట్టం భార్యలకే కాదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లికి, అన్న గెంటేసిన చెల్లెలికి కూడా.

గోడ అవతల పిల్లలున్నారు

‘పిల్లల కోసమే ఓర్చుకుంటున్నాను’ అనే తల్లులు చాలామంది. కానీ ఆ పిల్లలు నిద్రపోవడం లేదు, దుప్పటి కింద వింటున్నారు. ఎనిమిదేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడపడం, స్కూలుకు బయల్దేరే వేళ కడుపునొప్పి, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, హఠాత్తుగా మార్కులు పడిపోవడం... పిల్లల డాక్టరు దగ్గరకు వచ్చే ఇలాంటి కేసుల్లో ఇంటి సంగతి కూడా అడగాలి. తల్లిని కొట్టడం చూస్తూ పెరగడం పెద్దయ్యాక వచ్చే జబ్బులతో ముడిపడి ఉన్న బాల్య గాయాల్లో ఒకటని 1998లోనే అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది.

పిల్లల మీదే చేయి పడుతుంటే బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. సంరక్షకులే క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలు. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం కింద తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి. డాక్టరైనా, టీచరైనా, మేనమామైనా దాచిపెడితే నేరమే.

దుర్వినియోగం మాటేమిటి?

ఈ చర్చ రాగానే ‘తప్పుడు కేసులు పెట్టడం లేదా?’ అంటారు. కొన్ని ఉండవచ్చు. ఏ చట్టానికైనా ఆ బెడద ఉంటుంది. ఆటోమేటిగ్గా అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. కానీ అబద్ధాన్ని పట్టుకోవడానికైనా, నిజాన్ని నిలబెట్టడానికైనా కావలసింది ఒకటే... గాయాన్ని చూసిన రోజున నిజాయతీగా రాసిన వైద్య నివేదిక. ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు, ఎన్నాళ్ల క్రితంది, ఆమె ఏమంది, అవన్నీ అందులో ఉండాలి. అది నిర్దోషికీ రక్షణే.

అసలు బెడద జాప్యం. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో వచ్చేలా చూడాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో వాయిదాల మీద వాయిదాలు. చాలాచోట్ల రక్షణాధికారి బాధ్యత మరో పదిపనులున్న అధికారి నెత్తిన ఉంది. జిల్లా, తాలూకా స్థాయుల్లో రక్షణాధికారులను నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

నేను కోరేవి మూడే. ప్రతి క్యాజువాలిటీలో, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, గృహ హింస నివేదిక ఫారాలు ఉండాలి. గాయంతో వచ్చిన మహిళను వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి విడిగా అడగడం నియమం కావాలి. జిల్లా ఆసుపత్రిలోని డాక్టరుకు రక్షణాధికారి పేరూ ఫోన్ నంబరూ తెలిసి ఉండాలి. వీటికి కోట్లు అక్కర్లేదు.

అమ్మానాన్నలకు ఒక మాట

పెళ్లికి అంత ఖర్చు పెట్టిన తల్లిదండ్రులు, కూతురు ఫోన్ చేసి ఏడిస్తే ‘సర్దుకుపో తల్లీ, నలుగురూ ఏమనుకుంటారు?’ అంటారు. ఆ ఒక్క మాటతో ఆమెకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ‘వచ్చెయ్, తర్వాత మాట్లాడుకుందాం’ అనండి. ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ‘ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు రాయండి’ అని అడగండి. ఆ రోజు ఎవరైనా వచ్చి నన్ను అలా అడిగి ఉంటే బాగుండేది. ఎవరూ అడగకపోయినా నేనే రాసి ఉండాల్సింది.

ఆపదలో ఉంటే...

- ప్రాణాపాయం ఉంటే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లల కోసం 1098. మూడూ 24 గంటలూ పనిచేస్తాయి.
- ‘సఖి’ కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, పోలీసు సాయం ఒకేచోట దొరుకుతాయి. కొద్దిరోజులు తలదాచుకోవచ్చు కూడా.
- ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు. జీతం ఉన్నా, సొంత ఇల్లు ఉన్నా ఉచిత లాయరును కోరే హక్కుంది.
- గాయాల ఫొటోలు, బెదిరింపు మెసేజ్‌లు నమ్మకమైన మరొకరి ఫోనుకు పంపి ఉంచండి. ఓపీ చీటీలు, ఎక్స్‌రేలు పారేయొద్దు. ఆధార్, పాస్‌బుక్, సర్టిఫికెట్లు, పిల్లల కాగితాలు ఒకేచోట సిద్ధంగా పెట్టుకోండి.
- పక్కింట్లో హింస జరుగుతోందని తెలిస్తే మీరూ రక్షణాధికారికి చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదని చట్టంలోనే ఉంది.