దుర్గం చెరువు నీటి లెక్క

ఒకనాడు గోలకొండ దుర్గవాసులకు త్రాగునీరొసగిన తటాకమని ప్రసిద్ధి గన్న దుర్గం చెరువు, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపూరు పరిసరములు అద్దాల సౌధములతో నిండుచుండగా, ఆ కొత్త నగరపు మురుగును మోయు పాత్రగా పరిణమించుట మిక్కిలి శోచనీయము. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన వెలసినది. రాత్రివేళ ఆ దీపకాంతి నిజముగా చూడదగినదే. కాని మురుగు కలియు చోట గట్టున నిలిచినవాడు ముక్కు మూసికొనక తప్పదు. మురుగులోని పోషకములచే నాచు, గుర్రపుడెక్క పెచ్చుపెరుగును. నీటిలోని ప్రాణవాయువు క్షీణించి చేపలు చచ్చి తేలును. నిలిచిన మురుగునీట క్యూలెక్స్ దోమ గ్రుడ్లు పెట్టును. ఆ దోమకు ఐటీ ఉద్యోగి యనియు, అతని భవనమునకు కావలి కాయువాడనియు భేదము లేదు. ఐనను మంచము పట్టిన దినమున కూలి పోగొట్టుకొనువాడు రెండవవాడే.

మురుగుశుద్ధి కేంద్రములు లేకపోలేదు. కాలుష్య నియంత్రణ మండలి నీటిని పరీక్షించుచునే యున్నది. ఆ ఫలితములు అంకెల పట్టికలుగా అంతర్జాలమున నున్నంత మాత్రమున ప్రజలకు తెలిసినట్లు కాదు. పౌరుడు అడుగకమునుపే సమాచారమును ప్రకటింపవలెననియు, స్థానిక భాషను దృష్టియందుంచుకొనవలెననియు 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ సెక్షను స్పష్టముగా విధించుచున్నది. కావున చెరువులోనికి మురుగు దిగు ప్రతి నాలా యొద్ద, శుద్ధి యెంత జరిగినదో, నీటిలో ప్రాణవాయువెంత యున్నదో, బాధ్యుడైన అధికారి యెవరో తెలుగున, ఉర్దూన వ్రాసిన ఫలకమును నెలనెలా మార్చుచు నిలుపవలయును. వంతెనకు దీపములమర్చిన ప్రభుత్వమునకు ఇది భారమైన పని కాదు.