మళ్లీ చుట్టు తిరిగితే ఫెయిలైనట్టా?

కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబర్‌లో వాయుసేన విమానాలు ట్రయల్ వేసినప్పుడు బాపట్ల, రేపల్లె, తెనాలి కుర్రాళ్లం ఆ వీడియోలు తెగ షేర్ చేసుకున్నాం. అవి చూసి పైలట్ అవుదామనుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లకోసమే ఇది.

సెస్నా 152 లాంటి చిన్న ట్రైనింగ్ విమానాన్ని స్పీడ్ కాస్త ఎక్కువుండగా నేలకి ఆనిస్తే నిలవదు. రెక్కల్లో లిఫ్ట్ ఇంకా మిగిలే ఉంటుంది కదా, బంతిలా లేస్తుంది. స్టూడెంట్ కంగారుపడి ముక్కు కిందకి నొక్కుతాడు. ఈసారి ముందు చక్రం మొదట తగులుతుంది, ఇంకా గట్టిగా లేస్తుంది. రెండు మూడు గెంతుల్లో ఆ చక్రం విరిగి ప్రొపెల్లర్ రన్‌వేని కొడుతుంది. మన సూర్యలంక గాలిలాంటిది పక్కనుంచి తోసిందా, ఇక చెప్పక్కర్లేదు.

మందు అందరికీ తెలిసిందే. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి పైకి లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ రావడం. గో అరౌండ్ అంటారు. మరెందుకు చెయ్యరు? కొందరికి ఆ క్షణంలో తోచదు, నిజమే. కానీ చాలామందికి సిగ్గు అడ్డొస్తుందని నా అనుమానం. కింద బ్యాచ్‌మేట్స్ చూస్తుంటారు. ఇంటి దగ్గర నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. ఒక్క బ్యాక్‌లాగ్‌కే మొహం చాటేసే మనకి ఇది అర్థంకాని సంగతేం కాదు.

గో అరౌండ్ చేసిన పైలట్‌ని తప్పుపట్టకూడదని చాలా ఎయిర్‌లైన్స్‌లో రూలే ఉంది. ట్రైనింగ్‌లో ఇంకో మెట్టు పైకెళ్లాలంటాను. సోలోకి పంపేముందు ఎన్ని ల్యాండింగ్‌లు బాగా చేశాడన్నదే కాదు, చెడుతున్న ల్యాండింగ్‌ని తనంతట తాను ఎన్నిసార్లు వదిలేశాడో కూడా చూడాలి. ఇంధనం ఖర్చంటారా? విరిగిన చక్రం, వంగిన ప్రొపెల్లర్, ఇంజిన్ విప్పి చూసే బిల్లు ముందు ఒక్క చుట్టు ఎంతని!