ట్రాక్టర్ల బాకీ కొన్న రాబందులు

ప్రోనోటు చేతులు మారితే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత బాకీని చవగ్గా కొన్నవాడు అసలూ వడ్డీ కలిపి కోర్టుకెక్కుతాడు. ఆఫ్రికాలోని జాంబియా దేశానికి సరిగ్గా ఇదే జరిగింది. అదీ ట్రాక్టర్ల బాకీ మీద!

1979లో జాంబియా రుమేనియా దగ్గర ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాలు అరువు తీసుకుంది. రాగి ధర దెబ్బతిని బాకీ నిలిచిపోయింది. 1999లో ఆ బాకీ పత్రాన్ని డోనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ సుమారు 33 లక్షల డాలర్లకు కొన్నది. తర్వాత లండన్ కోర్టులో ఐదున్నర కోట్ల డాలర్లకు దావా వేసింది. 2007లో కోర్టు కోటిన్నర డాలర్లకు పైగా చెల్లించాలని తేల్చింది. పెట్టినదానికి నాలుగింతలు దాటింది. ఆ కంపెనీవాడు దుక్కి దున్నిందీ లేదు, ట్రాక్టరెక్కిందీ లేదు. ఇటువంటివాళ్లకు రాబందులని పేరు. పెట్టినవాడెవడోగాని సరిగ్గానే పెట్టాడు.

ఆ రోజుల్లోనే, 2005-06లో, దేశం మీదున్న 700 కోట్ల డాలర్ల అప్పులో అధికభాగం రద్దయింది. అయితే 2012 నుంచి పాలకులు రోడ్లనీ, కరెంటనీ మళ్లీ అప్పులకు దిగారు. ఈసారి విదేశీ మదుపుదారులకు డాలర్ బాండ్లు రాసిచ్చారు. 2012లో 75 కోట్లు, 2014లో 100 కోట్లు, 2015లో 125 కోట్ల డాలర్లు. మొదట ఐదున్నర శాతం లోపున్న వడ్డీ చివరికి తొమ్మిది దగ్గరికి పోయింది. ఎగుమతి రాబడిలో మూడింట రెండు వంతుల పైన రాగిదే. రాగి ధర జారితే డాలర్లు రావు. అక్కడి నాణెం క్వాచా విలువ పడిపోతే కొత్తగా ఒక్క డాలరు తేకుండానే అప్పు బరువెక్కుతుంది. 2020 నవంబరులో 4 కోట్ల 25 లక్షల డాలర్ల వడ్డీ కట్టలేక జాంబియా చేతులెత్తేసింది. కరోనా కాలం, ఆర్నెల్లు ఆగండయ్యా అంటే బాండ్లవాళ్లు ససేమిరా అన్నారు.

2022లో ఐ.ఎం.ఎఫ్. 130 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. వెంట షరతులొచ్చాయి: పెట్రోలు, డీజిలు సబ్సిడీ ఎత్తెయ్యాలి, ఎరువుల సబ్సిడీ సవరించాలి. ఈ దేశం అప్పు మోయగలదా అని వాళ్లొక లెక్క వేస్తారు. ఎగుమతుల్లో, సర్కారు రాబడిలో ఎంత వంతు అప్పులవాళ్లకు పోతుందన్నదే అందులో కొలత. కూలివాడి పొయ్యి మీద మొక్కజొన్న సంకటి ఉడికిందా అనే గడి ఆ కాగితంలో లేదు.

2023లో అప్పులిచ్చిన ప్రభుత్వాలు 630 కోట్ల డాలర్ల వాయిదాలను 2043 దాకా సాగదీశాయి. వాటిలో పెద్ద వాటా చైనాదే, దాచనక్కర్లేదు. బాండ్లవాళ్లు మాత్రం బేరం సాగిస్తూనే ఉన్నారు. ఈలోగా 2024లో కరువొచ్చి 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో దాదాపు 10 లక్షల హెక్టార్లు ఎండిపోయింది. బాండ్ల ఒప్పందం ఆ ఏడాది జూనుకు గాని తెగలేదు.

రాబందులను అదుపు చేసేందుకు బ్రిటన్ 2010లో ఒక చట్టం చేసింది. అది పాత అప్పులకే వర్తిస్తుంది. 2012 తర్వాతి బాండ్లు కూడా ఇంగ్లండు చట్టం కిందే ఉన్నాయి, వాటికి మాత్రం ఆ రక్షణ లేదు. వీటికీ ఆ చట్టాన్ని వర్తింపజేయాలి. ఎండిన ఏడాది వాయిదా దానంతటదే ఆగే షరతును అప్పు పత్రంలోనే రాయించాలి.