నొప్పి లేని కాలు

రామతీర్థం,
శ్రీరామనవమి వెళ్లిన మూడో రోజు

అమెరికాలో కాళ్ల వైద్యం చదువుతున్న మా తమ్ముడి మనవరాలికీ, నెల్లిమర్ల మిమ్స్‌లో మెడిసిన్ చదువుతున్న పిల్లలకీ, విజయనగరంలో నర్సింగనీ ఫిజియోథెరపీ అనీ పుస్తకాలు మోస్తున్న మా ఊరి గుంటలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న రాత్రి మనవరాలు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. బోర్డు పరీక్ష మొదటి భాగం దగ్గర పడిందట, చదివింది చదివినట్టే జారిపోతోందట. అంతవరకూ మామూలే, పరీక్షంటే ఏడవని పిల్లని నేనింకా చూడలేదు. రెండో మాటే ముల్లులా దిగింది. ఏదో పెళ్లిలో ఒక చుట్టం "ఎంబీబీఎస్ సీటు రానేదేటమ్మా, కాళ్ల డాక్టరీ చదువుతన్నావట" అని నవ్వాడట. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రాత్రి తెలిసొచ్చింది. అందుకే ఈ ఉత్తరం దానికొక్కదానికే రాయకుండా అందరికీ రాస్తున్నాను. నవ్వినాయన కంట కూడా పడితే మరీ మంచిది.

ముందు ఆ చదువేమిటో చెప్పాలి, మనవైపు చాలామందికి తెలీదు. అమెరికాలో మామూలు డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు పాదవైద్యం చదివితే డీపీఎం అని డాక్టరు పట్టా ఇస్తారు. ఆ పైన మూడేళ్లు ఆస్పత్రిలో రెసిడెన్సీ. పాదంలో ఎముకలు కోసి సరిచేసే ఆపరేషన్లూ వాళ్లే చేస్తారు. లైసెన్సు పరీక్ష భాగాలు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలో జీవరసాయనం, సూక్ష్మజీవులు, మందులు, రోగ లక్షణాలు అన్నీ అడుగుతారు. తుంటి నుంచి కాలివేలి కొస దాకా ఉన్న నిర్మాణానికి అందులో విడిగా పెద్ద వాటా. మన దేశంలో ఇది ప్రత్యేక వృత్తిగా ఇంకా నిలదొక్కుకోలేదు గానీ, 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం జాబితాలో పోడియాట్రిస్టు పేరు కూడా చేరింది. కాబట్టి నవ్వేవాళ్లు కాస్త తొందరపడ్డారు.

నేను డాక్టర్ని కాను. కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో పారామెడికల్ వర్కరుగా చేశాను. నెల్లిమర్ల, గుర్ల, పూసపాటిరేగ వైపు పల్లెల్లో సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, జనాల చేత చొక్కాలు విప్పించి మచ్చలు వెతికిన ఉద్యోగం. నా సంచీలో కార్డులు, మందుల అట్టలు, కొంచెం దూది, ఒక బాల్ పెన్ను. ఇంతే సరంజామా. ఆ పెన్ను రాయడానికి మాత్రమే కాదు, కాళ్లు చూడ్డానికి కూడా. మనిషిని కళ్లు మూసుకోమని, అరికాల్లో పెన్ను మొనతో తాకి, ఎక్కడ ముట్టుకున్నానో వేలితో చూపించమనేవాణ్ని. చూపిస్తే సరే. చూపించకపోతే అక్కడ నరం చచ్చిందన్నమాట.

ఫోన్లో మనవరాలు చదివి చదివి మర్చిపోతున్నానన్నది ఎక్కడో తెలుసా? లోపలి చీలమండ ఎముక వెనకాల వరసగా ఏమేమి వెళ్తాయో, అదీ. ఇంగ్లీషులో దానికి టామ్, డిక్, హ్యారీ అని ఏదో గుర్తుమాట ఉందట. "నాకు టామ్ ఎవడో డిక్ ఎవడో తెలీదు తాతా" అంది. ఆ చోటు నాకు బాగా తెలుసు. చీలమండ గడ్డ వెనకాల వేళ్లు పెట్టి కొంచెం లోపలికి నొక్కితే రక్తనాళం కొట్టుకుంటుంది. దాని వెనకే నరం. కుష్ఠులో ఆ నరం తాడులా లావెక్కుతుంది. నేను పేర్లు చదవలేదు, వేళ్లతో చదివాను. ఇద్దరం కలిసి అప్పటికప్పుడు తెలుగులో ఒకటి కట్టాం: టీ డబ్బా దాటి సీతమ్మ నడిచింది హాయిగా. టిబియాలిస్ పోస్టీరియర్, డిజిటోరమ్ లాంగస్, ధమని, సిర, నరం, హాలూసిస్ లాంగస్. రామతీర్థం పిల్లకి సీతమ్మ గుర్తుండకపోతే ఇంకెవరు గుర్తుంటారు! ఫోన్లోనే దాని చెప్పు విప్పించి, దాని చీలమండ మీద దాని వేళ్లే పెట్టించాను. "కొట్టుకుంటోంది తాతా" అంది. ఏడుపు ఆగింది.

పేజీ చదివాక ఒక కాలు ముట్టుకోండి. మీదైనా సరే, పక్క మంచంలో ఉన్న స్నేహితురాలిదైనా సరే. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పరీక్షకి ఇదేం పని అనుకోవచ్చు. కానీ వేలికి తెలిసింది అంత తొందరగా పోదు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, రెండిటికీ 52. ఒంట్లో ఉన్న 206లో నాలుగో వంతు పాదాల్లోనే ఉంటే, వాటిని కాగితం మీద మాత్రమే చూసి గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం?

ఇంకో సంగతి. మీ లావుపాటి పుస్తకాల్లో ఉన్నది మన కాళ్ల కథే. షుగరు రోగుల అరికాలు పరీక్షించడానికి మీరు వాడే నైలాన్ దారం ఉంది చూశారూ, పది గ్రాముల బరువుకి వంగేది, ఆ దారం తెలియకపోతే పాదానికి ఇక రక్షణ లేనట్టే అని 1986లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రి వాళ్లు తేల్చారు, కుష్ఠు రోగుల పాదాలూ షుగరు రోగుల పాదాలూ కలిపి చూసి. పుండు పడ్డ పాదానికి అతుక్కున్నట్టు వేసే ప్లాస్టరు కట్టు ఉంది. అరికాలంతా బరువు సమంగా పంచి, మనిషి నడుస్తుండగానే పుండు మాన్పుతుంది. దాన్ని 1930ల్లో సిలోన్‌లో మిల్‌రాయ్ పాల్, మన దేశంలో జోసెఫ్ ఖాన్ కుష్ఠు రోగులకి వేశారు. వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ డాక్టరు 60ల్లో దాన్ని కార్‌విల్‌కి పట్టుకెళ్లాడు. అక్కణ్నించి షుగరు రోగుల దగ్గరికి చేరింది. అంటే, ఎవరూ ముట్టుకోని కాళ్ల దగ్గర నేర్చుకున్న విద్య ఇప్పుడు ఖరీదైన ఆస్పత్రుల్లో నడుస్తోంది. "కాళ్ల డాక్టరా" అని నవ్వినాయనకి ఇది చెప్పండి.

ఎంసీఆర్ చెప్పుల సంగతీ చెప్పాలి. మెత్తటి రబ్బరు అడుగుతో కుష్ఠు రోగులకి మేం ఉచితంగా ఇచ్చేవాళ్లం. నల్లగా, అందరివీ ఒకేలా ఉండేవి. ఆ చెప్పులు చూస్తే చాలు, రోగమేమిటో ఊరంతా చెప్పేసేది. ఒకామె వాటిని చూరులో దోపి, ఉత్త కాళ్లతో పొలానికి పోయేది. ఎన్నిసార్లు చెప్పినా "అవేసుకుంటే మా పిల్లకి సంబంధం రాదు బావూ" అనేది. చెప్పు ఎందుకు వేసుకోరని మీ పరీక్షలో అడగరనుకుంటాను. బయట మాత్రం రోజూ అడగాల్సింది అదే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ముప్పై ఏళ్లపైమాటే. కూలి పని చేసుకునే మనిషి, మందుల కోర్సు పూర్తి చేసినవాడు, అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. ఆ రోజు నాకు ఇంకా నలభై ఇళ్లు మిగిలున్నాయి. "కాలెలా ఉంది?" అన్నాను. "నొప్పి నేదు బావూ" అన్నాడు. పైనుంచి చూశాను, బాగానే ఉంది. కార్డు మీద టిక్కు పెట్టి సైకిలెక్కాను. కాలు ఎత్తమనలేదు. అరికాలు చూడలేదు. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్తే వాడి భార్య బయటికొచ్చింది. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోయిందట, ఎన్నాళ్లుందో వాడికే తెలీదు. ఎముక కుళ్లిపోయి మోకాలి కిందికి కాలు తీసేశారు.

నొప్పి లేదన్నాడు. నిజమే చెప్పాడు. నొప్పి ఉండి ఉంటే కుంటుకుంటూ వచ్చి ముల్లు తీయమనేవాడు. ఆ నొప్పి లేకపోవడమే రోగమని నాకు తెలుసు, అప్పటికే పదేళ్లుగా పదిమందికీ చెబుతున్నాను, అయినా ఆ ఒక్క రోజు చెవులతో విని వచ్చేశాను. మీ ప్రశ్నల పుస్తకంలో "నొప్పి లేని పుండుతో వచ్చిన రోగి" అని వస్తుందట. పుండులో లోహపు పుల్ల పెట్టి ఎముక తగిలిందా లేదా చూడాలన్నది సరైన జవాబట. బాగుంది, ఆ జవాబు గుర్తుపెట్టండి. కానీ ఆ ప్రశ్న చదివినప్పుడల్లా అరుగు మీద కాళ్లు వేలాడేసుకున్న నా మనిషిని ఒక్క క్షణం తలుచుకోండి. ఆ జవాబు మళ్లీ జారిపోదు.

పరీక్ష తప్పుతానేమోనన్న భయం ఉంది కదా, దానికి ఒక భీమవరం కుర్రాడి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు, మూడోసారి గట్టెక్కాడు. మద్రాసులో మెడిసిన్ చదువుతూ ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. బోస్టన్ వెళ్లి రాత్రిపూట ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదువుకున్నాడు. 1940ల్లో ఆయన బృందం తెచ్చిన మందుల్లో ఒకటి డైఇథైల్ కార్బమజైన్. బోదకాలు పురుగుకి ఇచ్చే బిళ్ల. మన ఉత్తరాంధ్రలో బోదకాలు లేని వీధి ఉండేదా? మందులు మింగించే రోజుల్లో ఆ బిళ్ల మా చేతుల్లోంచి ఎన్ని వేల నోళ్లలో పడిందో. ఎంబీబీఎస్ రాని డాక్టరు తెచ్చిన మందు అది! మందు ఒక ఎత్తు, వాచిన కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టడం ఇంకో ఎత్తు. జ్వరాలు, వాపులు మళ్లీ మళ్లీ రాకుండా కాపాడేది ఆ కడుగుడే. నర్సింగు పిల్లలూ, ఆ వేళ్ల సందుల్ని చిన్నచూపు చూడకండి.

నవమి నాడు ఇక్కడ ఎండ మాడ్చేసింది. కల్యాణానికొచ్చిన జనం చెప్పులు విప్పి రాతి పరుపు మీద గెంతుతూ పరుగెత్తారు. ఒక పెద్దాయన మాత్రం తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు రామభక్తి అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. వెళ్లి "షుగరుందా?" అని అడిగాను. పన్నెండేళ్లుగా ఉందట. అరికాలు చూపించమంటే సిగ్గుపడ్డాడు, ముసలాణ్ని నేను కాలు పట్టుకుంటానంటే పాపమట. రాములవారి పాదాలకి దండం పెట్టొచ్చాక కూడా మనిషి పాదం ముట్టుకోవడం చిన్నతనమే మనకి! బతిమాలి చూశాను. మడమ దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ. నీళ్లతో తడిపి, గుడ్డ కట్టి, చెప్పులు తొడిగించి కొడుకుతో పంపించాను.

ఇంటికొచ్చి కూర్చున్నాక మీ మామ్మ కాళ్లు చాపి "అరికాళ్లు మంటగా ఉన్నాయండీ ఈమధ్య" అంది. ఊళ్లోవాళ్ల కాళ్లు నలభై ఏళ్లు చూసిన వాణ్ని, ఇంట్లో కాళ్లు చూడలేదు. పాత బాల్ పెన్ను వెతికి తెచ్చాను. కళ్లు మూసుకోమన్నాను. కుడికాలు బాగానే చెప్పింది. ఎడమకాలి బొటనవేలి కింద తాకాను, పలకలేదు. మళ్లీ తాకాను. కాస్త గట్టిగానే నొక్కాను.

"ఏటండీ, ఇంకా మొదలెట్టనేదా?" అంది కళ్లు మూసుకునే.

సోమవారం నెల్లిమర్ల తీసుకెళ్తున్నాను తల్లీ. పరీక్ష అయ్యాక వచ్చేటప్పుడు ఆ నైలాన్ దారం పుల్లలు రెండు పట్టుకురా.

మీ
తాత