వాగు నీటిలో మందులు.. కొలత సరే, పరిమితి ఏదీ?

పటాన్‌చెరు: వాగు నీరు రంగు మారితే కంటికి కనిపిస్తుంది. కంపు కొడితే ముక్కుకు తెలుస్తుంది. అందులో కరిగిన ఔషధం మాత్రం దేనికీ అందదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కాలుష్య సమస్యకు సంబంధించిన అసలు చిక్కు ఇదే. నానో కణాల పూతతో రూపొందుతున్న విద్యుత్ రసాయన సెన్సర్లు దీనికి కొంత పరిష్కారం చూపుతున్నాయి. అయితే అవి చూపే అంకెను దేనితో పోల్చి చూడాలన్నది ప్రశ్నగానే మిగిలింది.

శుద్ధి చేసిన నీటిలోనే..

ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చిన నీటిలో లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో వెల్లడించారు. ఈ మందు వాడే రోగి రక్తంలో సాధారణంగా ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. అప్పట్లో ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మజీవులు రేపు రోగికి సోకితే అదే మందు పనిచేయకపోవచ్చు. నీటి కాలుష్యాన్ని తేల్చేందుకు మామూలుగా చేసే బీవోడీ, సీవోడీ పరీక్షలు మొత్తం మాలిన్యాన్ని చెబుతాయే తప్ప అందులో ఏ మందు ఉందో చెప్పవు.

పనితీరు ఇలా..

కార్బన్ ఎలక్ట్రోడ్‌కు బంగారు నానో కణాలు లేదా కార్బన్ నానో గొట్టాలతో పూత పూస్తారు. దానిని నీటి నమూనాలో ఉంచి వోల్టేజీని క్రమంగా పెంచుతారు. నిర్దిష్ట వోల్టేజీ వద్ద ఔషధ అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోవడంతో స్వల్ప విద్యుత్ ప్రవహిస్తుంది. అది ఏ వోల్టేజీ వద్ద పెరిగిందన్న దానిని బట్టి మందును, ఎంత పెరిగిందన్న దానిని బట్టి పరిమాణాన్ని అంచనా వేస్తారు. పూత వల్ల ఎలక్ట్రోడ్ ఉపరితలం విస్తరించి, అతి స్వల్ప మోతాదు కూడా చిక్కుతుంది. మధుమేహ రోగులు ఇళ్లలో వాడే గ్లూకోజ్ మీటరు కూడా విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పరికరమే.

పరిమితులూ లేకపోలేదు. వ్యర్థజలంలోని ఇతర రసాయనాలు ఫలితాన్ని తారుమారు చేయగలవు. ఎలక్ట్రోడ్‌పై మడ్డి పేరుకుంటే స్పందన తగ్గుతుంది. కాబట్టి వాగు గట్టున తొలి పరీక్షకు సెన్సర్, నిర్ధారణకు ప్రయోగశాల అన్నదే సరైన పద్ధతి.

ముసాయిదాతోనే సరి

ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో వాటికి చోటు దక్కలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ అంశంపై మార్గదర్శకాలు జారీ చేసినా అవి సూచనలు మాత్రమే. చట్టంలో అంకె లేనంతవరకు సెన్సర్ చూపే అంకె కాగితానికే పరిమితమవుతుంది. పరికరాల కొనుగోలుకు ముందే పాలకులు దీనిపై దృష్టి సారించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.